కంజంక్షన్ల బిట్లు ఎందుకు తప్పుతున్నాయి మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. ఇంట్లోనే ఉండి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేరవుతున్నాను. లెక్కలు, రీజనింగ్ బాగానే వస్తున్నాయి. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి మాక్ టెస్టుల్లో 25 బిట్లకి 12, 13 దాటడం లేదు. చూసుకుంటే తప్పులన్నీ రెండు చోట్లే. ఒకటి కంజంక్షన్లు, అంటే వాక్యాలను కలిపే మాటలు. రెండోది ఇడియమ్స్, అంటే నుడికారాలు. ‘నో సూనర్’ తర్వాత ‘వెన్’ పెట్టేస్తున్నాను. ‘అన్‌లెస్ యూ డోంట్’ కరెక్టే అనిపిస్తోంది. ఇడియమ్స్ 500 నోట్సు రాసుకుని బట్టీ పట్టాను. ఎంత చదివినా గానీ గుర్తుండటం లేదు. ‘గివ్ ఏ హ్యాండ్’ అంటే మోసం చేయడం అని పెట్టాను. మా తమ్ముడు ఇంగ్లీషు మీడియం. ‘నువ్వు తెలుగులో ఆలోచిస్తున్నావు, అందుకే రావడం లేదు’ అంటున్నాడు. తెలుగులో ఆలోచించడం ఎలా మానాలి? కాకినాడ వెళ్ళి కోచింగ్‌లో చేరమంటారా? పరీక్ష దగ్గర పడేకొద్దీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మానొద్దు. తెలుగులోనే ఆలోచించు. కాకపోతే పూర్తిగా ఆలోచించు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు వాక్యాన్ని తెలుగులో సగం దాకా ఆలోచించి, కంజంక్షన్ దగ్గరికి రాగానే తెలుగు వదిలేసి ఆప్షన్ల మీదకు దూకుతున్నావు. తప్పు జరిగేది ఆ దూకే చోటే. తెలుగులో ఆ రెండు వాక్యాల మధ్య సంబంధం ఏమిటో తేల్చుకున్నాక ఆప్షన్లు చూస్తే, నాలుగింటిలో రెండు వాటంతటవే పక్కకు పోతాయి.

ఇది ఎందుకు కష్టంగా ఉంటుందో ముందు చెప్తాను. ఇంగ్లీషులో కంజంక్షన్ విడిగా ఒక మాట, కంటికి కనిపిస్తుంది. తెలుగులో ఆ పని చాలాసార్లు క్రియ చివర అతుక్కుని ఉంటుంది. అందుకే మనం రోజంతా వాడుతూ కూడా దాన్ని గమనించం. మీ ఇంటి పక్క కాలువనే తీసుకో. కాలువకు నీళ్ళు వస్తే, నీళ్ళు వచ్చినా, నీళ్ళు రాగానే, నీళ్ళు వచ్చేదాకా, నీళ్ళు వస్తే తప్ప, నీళ్ళు వచ్చాయి కాబట్టి, నీళ్ళు వచ్చేస్తాయేమోనని. క్రియ ఒక్కటే, చివర మాత్రం ఏడు రకాలు. ఇంగ్లీషులో వాటికి వరుసగా ఇఫ్, ఆల్దో, యాజ్ సూన్ యాజ్, అంటిల్, అన్‌లెస్, సిన్స్, లెస్ట్. సార్వా నాట్ల ముందు మీ నాన్నగారు ఇవన్నీ ఒక్క పూటలో అనేస్తారు. ‘నీళ్ళు వస్తే తప్ప ఆకుమడి వేయలేం, నిరుడు వచ్చినా చివరి పొలానికి అందేసరికి వారం పట్టింది.’ ఆ మాటలో అన్‌లెస్ ఉంది, ఆల్దో ఉంది. నీకు కంజంక్షన్లు రాకపోవడం ఏమిటి, పుట్టినప్పటి నుంచీ వింటున్నావు. వాటికి ఇంగ్లీషు పేర్లు అతికించుకోవడమే మిగిలింది.

‘అన్‌లెస్ యూ డోంట్’ సంగతి చూద్దాం. ఈ తప్పు ఎలా వస్తుందంటే, అన్‌లెస్ అనగానే నీ మనసులో ‘రాకపోతే’ అని పడుతోంది. రాకపోతేలో ‘కాదు’ అనే అర్థం ఉంది కదా, అది డోంట్ రూపంలో బయటికొస్తోంది. ఇకనుంచి అన్‌లెస్‌కి ‘రాకపోతే’ అనుకోవద్దు, ‘వస్తే తప్ప’ అనుకో. నువ్వు వస్తే తప్ప నేను వెళ్ళను. చూడు, ‘వస్తే’లో కాదు లేదు. అన్‌లెస్ యూ కమ్, ఐ విల్ నాట్ గో. అక్కడా ‘కమ్’ ముందు నాట్ లేదు. రెండు భాషలూ ఒకే రకంగా నడుస్తున్నాయి. ‘తప్ప’ అనే ఒక్క మాట పట్టుకుంటే ఈ బిట్టు నీకు జన్మలో తప్పదు.

అంటిల్ దగ్గర కూడా ఇదే ఇబ్బంది. మనం ‘నువ్వు రానంతవరకూ’ అంటాం, ‘నువ్వు వచ్చేదాకా’ అని కూడా అంటాం. రెంటికీ అర్థం ఒకటే. మొదటిది పట్టుకుంటే ‘అంటిల్ యూ డోంట్ కమ్’ అని తప్పు రాస్తావు. రెండోది పట్టుకుంటే ‘అంటిల్ యూ కమ్’ అని సరిగ్గా వస్తుంది. దాకా అంటే కాలం, తప్ప అంటే షరతు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆనకట్ట పూర్తయ్యేదాకా డెల్టాకి నీళ్ళ భరోసా లేదు, ఇది కాలం, అంటిల్. ఆనకట్ట కడితే తప్ప కరువు పోదని కాటన్ దొర పట్టుబట్టాడు, ఇది షరతు, అన్‌లెస్. ఆప్షన్లలో రెండూ ఇచ్చినప్పుడు ‘దాకా’ పెట్టి ఒకసారి, ‘తప్ప’ పెట్టి ఒకసారి తెలుగులో చదువు. ఏది అతకదో చెవికే తెలిసిపోతుంది.

నీ ఉత్తరంలోనే ఒక వాక్యం ఉంది, ‘ఎంత చదివినా గానీ గుర్తుండటం లేదు’. మాట్లాడేటప్పుడు మనందరం అలాగే అంటాం, తప్పు లేదు. కానీ లెక్కపెట్టు. ‘చదివినా’లో ఒకటి, ‘గానీ’ ఇంకొకటి, రెండు కంజంక్షన్లు. ఆ అలవాటే ఇంగ్లీషులోకి పోయి ఆల్దో, బట్ రెండూ ఒకే వాక్యంలో పడుతున్నాయి. నరసాపురం రేవుకీ సఖినేటిపల్లి రేవుకీ మధ్య మనిషిని దాటించడానికి ఒక పంటు చాలు. రెండు వాక్యాలను కలపడానికి కూడా అంతే, కంజంక్షన్ ఒకటి చాలు. ఆల్దో పెట్టావా, మధ్యలో కామా పెట్టి ఊరుకో. బట్ పెట్టావా, ముందు ఆల్దో తీసేయి. సిన్స్ పెట్టి సో పెట్టడం, బికాజ్ పెట్టి దేర్‌ఫోర్ పెట్టడం కూడా ఇదే తప్పు. ‘ద రీజన్ ఈజ్ బికాజ్’ కూడా ఇదే కోవలోది. కారణం అని ఒకసారి చెప్పాక మళ్ళీ ‘ఎందుకంటే’ అక్కర్లేదు, అక్కడ ‘దట్’ పెట్టాలి. ఒక్క మినహాయింపు గుర్తుంచుకో. దో తర్వాత యెట్ వస్తే తప్పని కొట్టేయకు. పాత గ్రామర్ పుస్తకాల్లో అవి జంటగానే ఉంటాయి, పరీక్షల్లో కూడా అడుగుతారు.

ఇక నో సూనర్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట సఖినేటిపల్లిలో పంటు ఎక్కి నరసాపురం వస్తున్నాను. నా పక్కన ఒక కుర్రాడు రెయిలింగ్‌కి ఆనుకుని గైడు పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. దగ్గరికి వెళ్తే వినపడింది, ‘నో సూనర్ ద్యాన్, హార్డ్‌లీ వెన్, స్కేర్స్‌లీ వెన్’. ఏం పరీక్ష బాబూ అని అడిగి, నో సూనర్ అంటే ఏమిటన్నాను. ‘ద్యాన్ వస్తుందండీ’ అన్నాడు. ఏది వస్తుందో కాదయ్యా, అర్థం చెప్పు అన్నాను. పేజీ వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. గైడులో అర్థం లేదు. ఈలోగా పంటు నరసాపురం ఒడ్డుకు వచ్చేసింది. అది రేవుకి తగిలిందో లేదో, బైకుల వాళ్ళంతా ఒక్కసారిగా బళ్ళు స్టార్ట్ చేశారు. ‘ఇదిగో బాబూ, ఇప్పుడు జరిగిందే నో సూనర్’ అన్నాను. ‘పంటు తగిలిందో లేదో బళ్ళు స్టార్ట్ చేశారు. నో సూనర్ హ్యాడ్ ద ఫెర్రీ టచ్‌డ్ ద బ్యాంక్ ద్యాన్ దే స్టార్టెడ్ దెయిర్ బైక్స్.’ ఒక్క క్షణం ఆగి, ‘అంటే మా అమ్మ అలా పడుకుందో లేదో నేను ఫోన్ తీశాను, ఇదీ నో సూనరేనాండీ’ అన్నాడు. అదే మరి! పంటు దిగి గట్టెక్కేదాకా తనే నాలుగు వాక్యాలు చెప్పాడు.

‘ఇలా జరిగిందో లేదో అలా జరిగింది’ అన్న చోటల్లా నో సూనర్ గానీ, హార్డ్‌లీ గానీ, స్కేర్స్‌లీ గానీ వస్తాయి. మరి ఏది వస్తే ద్యాన్, ఏది వస్తే వెన్? బట్టీ అక్కర్లేదు. సూనర్ అన్న మాట చివర చూడు, ‘అర్’ ఉంది. టాలర్, బెటర్, సూనర్, ఇవన్నీ పోలిక మాటలు. మామూలుగా పోలిక మాట వెనుక ద్యాన్ నడుస్తుంది. హార్డ్‌లీ, స్కేర్స్‌లీలో పోలిక లేదు. అందుకే వాటికి కాలం చెప్పే వెన్ వస్తుంది, కొన్నిసార్లు బిఫోర్ కూడా వస్తుంది. సీనియర్, జూనియర్, సుపీరియర్ లాంటివి మాత్రం పోలిక చెప్పినా ‘టు’ తీసుకుంటాయి. ప్రిఫర్ కూడా అంతే. ఈ నాలుగూ విడిగా రాసి గోడకు అంటించుకో. ఇంకొకటి, ఈ వాక్యాల్లో ‘హ్యాడ్’ కర్త కంటే ముందు వస్తుంది. ‘నో సూనర్ హి హ్యాడ్’ అని కనిపిస్తే అక్కడే గీత గీసెయ్. ద్యాన్, దెన్ స్పెల్లింగులు కూడా కావాలని పక్కపక్కన పెడతారు, తొందరలో ఒకటి చూసి ఒకటి పెట్టకు.

లెస్ట్ అంటే చాలామంది పిల్లలు భయపడతారు. నాకు మాత్రం తెలుగు పిల్లలకి అన్నిటికంటే తేలిగ్గా వచ్చే కంజంక్షన్ ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే ‘ఏమోనని’ అనే అంత చక్కటి మాట మనకుంది. పంటు వెళ్ళిపోతుందేమోనని పరిగెత్తాం. వి ర్యాన్ లెస్ట్ వి షుడ్ మిస్ ద ఫెర్రీ. ‘ఏమో’లో ఉన్న భయమే ఆ షుడ్. ‘వెళ్ళిపోతుందేమోనని’లో కాదు అన్న మాట లేదు, అందుకే లెస్ట్ తర్వాత నాట్ రాదు. పేపర్లో ‘షుడ్ నాట్’ అని ఒకటి, ‘వుడ్’ అని ఒకటి, ‘విల్’ అని ఒకటి ఇస్తారు. మూడూ వదిలేయి. షుడ్ లేకుండా వట్టి క్రియ ఉంటే మాత్రం అది చెల్లుతుంది.

నాట్ ఓన్లీ, బట్ ఆల్సో బిట్లలో మాట అర్థం కంటే చోటు ముఖ్యం. తెలుగులో ‘మాత్రమే కాదు’ దేన్ని అంటుకుంటే ‘కూడా’ అలాంటి దాన్నే అంటుకోవాలి. ఆయన వరి మాత్రమే కాదు, కొబ్బరి కూడా పండిస్తాడు. పంట పక్కన ఒకటి, పంట పక్కన ఇంకొకటి. హి గ్రోస్ నాట్ ఓన్లీ ప్యాడీ బట్ ఆల్సో కోకోనట్స్. నాట్ ఓన్లీని తీసుకెళ్ళి గ్రోస్ ముందు పెడితే, బట్ ఆల్సో తర్వాత కూడా ఒక క్రియ ఉండాలి. అది లేకపోతే ఆ ముక్కలోనే తప్పు ఉంది. ఐదర్ ఆర్, నైదర్ నార్, బోత్ అండ్ కూడా ఇదే దారి. నైదర్ నార్‌లో క్రియ తన దగ్గరున్న పేరును బట్టి మారుతుంది. యాజ్ వెల్ యాజ్ వస్తే మాత్రం మొదటి పేరునే చూసుకో, ఎందుకంటే దాని అర్థం ‘తో పాటు’. పిల్లలతో పాటు మాస్టారు వచ్చారు అంటే వచ్చింది ముఖ్యంగా మాస్టారే కదా, ఇంగ్లీషులో ఆ మాస్టారి పేరే ముందొస్తుంది.

ఇడియమ్స్ గురించి. ఆ 500 నోట్సు కొన్నాళ్ళు పక్కన పెట్టమ్మా. అన్నేసి ఒకేసారి చదివితే ఏ తలలోనూ నిలవవు, నీ జ్ఞాపకశక్తికి వంక ఏమీ లేదు. ‘నిమ్మకు నీరెత్తినట్టు’ అనే మాట నీకు ఎవరైనా బట్టీ పట్టించారా? పనంతా నీ మీద పడి, మీ తమ్ముడు మంచం మీద కదలకుండా కూర్చుంటే, మీ అమ్మగారు ఆ మాట అన్నప్పుడు వచ్చి ఉంటుంది. సందర్భంతో వచ్చింది కాబట్టి పోదు. ఆ నిమ్మ తీసేసి నారింజ పెడితే ఎవరికీ అర్థం కాదు కూడా. ఇంగ్లీషు ఇడియమ్ కూడా అంతే, ఒక్క మాట మార్చకూడదు. ఎట్ ద ఎలెవెంత్ అవర్ అనాలి, ట్వెల్త్ అవర్ అంటే చెల్లదు.

నువ్వు మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ముందు మన తెలుగులో కవల ఉన్నవి ఏరుకో. క్రొకడైల్ టియర్స్, మొసలి కన్నీరు. పెనం మీద నుంచి పొయ్యిలో పడటం వాళ్ళకీ ఉంది. గాలిలో మేడలు వాళ్ళూ కడతారు. టర్న్ ఏ డెఫ్ ఇయర్ అంటే పెడచెవిన పెట్టడం. యాపిల్ ఆఫ్ వన్స్ ఐ అంటే నాకు భలే ఇష్టం. పూర్వం ఇంగ్లీషులో కంటిలోని నల్లగుడ్డును యాపిల్ అనేవారు, అంటే అది అచ్చంగా మన కంటిపాప. అమ్మకి బిడ్డ కంటిపాప అని మనం ఎలా అంటామో వాళ్ళూ అలాగే అన్నారు. ఇలాంటివి ఒకసారి జత కలిపి రాసుకుంటే ఇక చదవాల్సిన పనే ఉండదు.

నువ్వు దెబ్బతిన్నది వీటి దగ్గర కాదు. కవలలా కనిపించి అర్థం వేరే ఉన్నవాటి దగ్గర. తెలుగులో ‘వాడు నాకు చెయ్యిచ్చాడు’ అంటే నమ్మించి వదిలేశాడని. ఇంగ్లీషులో గివ్ ఏ హ్యాండ్ అంటే సాయం చేయడం. పూర్తిగా ఎదురు అర్థం! నువ్వు ‘మోసం’ అని పెట్టావంటే నీ తెలుగు బాగా పనిచేసిందని అర్థం, కాకపోతే ఆ మాట దగ్గర దాన్ని నమ్మకూడదు. పుల్ సమ్‌వన్స్ లెగ్ కూడా అలాంటిదే. మన దగ్గర పైకి వస్తున్నవాడి కాళ్ళు పట్టుకుని కిందికి లాగడం అంటే చెడగొట్టడం, వాళ్ళ దగ్గర ఊరికే ఆటపట్టించడం. ఈట్ వన్స్ వర్డ్స్ చూసి ‘మాట మింగేయడం’ అనుకుంటారు పిల్లలు. మనం మాట మింగితే అనబోయింది అనకుండా ఆగిపోవడం. వాళ్ళది, అన్న మాట తప్పని ఒప్పుకుని వెనక్కి తీసుకోవడం. ఇలాంటివి కనిపించినప్పుడల్లా ఎర్ర పెన్నుతో విడిగా రాసుకో. ఒక పేజీ నిండేసరికి పేపర్ ఇచ్చేవాళ్ళు ఎక్కడ వల వేస్తారో నీకే తెలుస్తుంది. మాటకు మాట అర్థం ఇచ్చే ఆప్షన్ ఒకటి తరచుగా కనిపిస్తుంది, అది చాలాసార్లు వలే.

మిగిలినవి మన దగ్గర జంట లేనివి. వీటికి వెనకున్న కథ తెలిస్తే చాలు. రెడ్ లెటర్ డే అంటే మరపురాని మంచిరోజు. పూర్వం వాళ్ళ క్యాలెండర్లలో పండగలను ఎర్ర సిరాతో రాసేవారు, మీ ఇంట్లో గోడకున్న క్యాలెండర్లో సెలవులు ఎర్రగానే ఉంటాయి చూడు. ఎలెవెంత్ అవర్ బైబిల్ నుంచి వచ్చింది. ద్రాక్షతోటలో పనికి పగలు పన్నెండు గంటల్లో పదకొండో గంటకు వచ్చిన కూలీల కథ అది. పొద్దు గుంకడానికి గంట ముందు వచ్చారన్నమాట, కాబట్టి చివరి నిమిషంలో అని అర్థం. మీ ఊళ్ళో చర్చికి వెళ్ళే స్నేహితురాలుంటే ఆ కథ అడుగు, చక్కగా చెబుతుంది. టర్న్ ఓవర్ ఏ న్యూ లీఫ్‌లో లీఫ్ చెట్టు ఆకు కాదు, పుస్తకంలో కాగితం. కొత్త పేజీ తిప్పి బుద్ధిగా మొదలుపెట్టడం. క్యారీ కోల్స్ టు న్యూకాసిల్ ఉంది. న్యూకాసిల్ ఒకప్పుడు బొగ్గుకి పేరున్న ఇంగ్లండు ఊరు, అక్కడికి బొగ్గు మోసుకెళ్ళడం అంటే వ్యర్థమైన పని. దీన్ని మా పిల్లలకి ‘కోనసీమకి కొబ్బరికాయలు పట్టుకెళ్ళడం’ అని చెప్పేవాడిని, ఒక్కడూ మర్చిపోలేదు.

రోజుకి ఐదు చాలు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని వాటిలో వచ్చినవే తీసుకో, అవి మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఒక్కోదానికీ మీ ఇంట్లోనో వీధిలోనో జరిగిన సంగతి ఒకటి పెట్టి వాక్యం రాయి. గైడులో వాక్యం ఎత్తి రాస్తే ఉపయోగం లేదు. మీ తమ్ముడు నిన్ను ఆటపట్టించిన రోజు పుల్ మై లెగ్ రాసుకుంటే అది నీదైపోతుంది.

పరీక్ష హాల్లో ఇంకో మాట. మీ మొదటి దశ పరీక్ష టైర్-1లో ఇంగ్లీషుకి 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. రెండు ఆప్షన్లు ఖాయంగా కొట్టేయగలిగితే మిగతా రెండింటిలో ఒకటి పెట్టెయ్, వదలకు. అలాంటివి నాలుగు పెడితే సగటున రెండు తగులుతాయి, 4 మార్కులు. రెండు పోతాయి, 1 మార్కు కోత. నికరంగా 3 మిగులుతాయి. ‘తప్ప’, ‘దాకా’, ‘ఏమోనని’ పెట్టి చదివితే రెండు ఆప్షన్లు కొట్టేయడం నీకు కష్టం కాదు. ఒక్కటి కూడా కొట్టేయలేని ప్రశ్న వస్తే దాని దగ్గర కూర్చోకు. వెళ్ళిపో, టైమ్ ఉంటే మళ్ళీ చూడొచ్చు.

కాకినాడ కోచింగ్ గురించి అడిగావు. లెక్కలు, రీజనింగ్ వస్తున్నాయంటున్నావు కాబట్టి ఒక్క ఇంగ్లీషు కోసం హాస్టల్ ఖర్చు పెట్టుకుని వెళ్ళమని నేను చెప్పను. ఆ డబ్బుతో పాత పేపర్లు, మంచి మాక్ టెస్టులు తీసుకో. తప్పు పోయిన ప్రతి బిట్టు పక్కనా దాని తెలుగు ఏమిటో ఒక్క ముక్క రాయి. ‘ఓహో, ఇది తప్పకి పోయింది, ఇది దాకాకి పోయింది’ అని నీకే కనిపించాలి. నెల రోజులు అలా చేశాక కూడా 13 దగ్గరే ఆగిపోతే అప్పుడు కోచింగ్ సంగతి ఆలోచిద్దాం.

ఈలోగా నాకో పని చేసి పెట్టు. నేను పైన రాసిన కాలువ వాక్యం ఉంది కదా, నీళ్ళు వస్తే, వచ్చినా, రాగానే అంటూ. ఆ ఏడింటినీ మీ ఊరి కాలువ మీద పెట్టి పూర్తి ఇంగ్లీషు వాక్యాలుగా రాసి పంపు. ‘వచ్చినా’ రాసేటప్పుడు మధ్యలో బట్ పడిందేమో ఒకసారి చూసుకో. దిద్ది వెనక్కి పంపుతాను.